ప్రభుత్వ వెబ్‌సైట్‌ను చూపు లేనివాళ్లు కూడా వాడుకోవాలంటే ఏం చేయాలి?

పథకాల సమాచారం అంతా సైట్‌లో ఉన్నా చూపు లేనివాళ్లు వాడలేకపోతున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు కదా. ముందు జీవోలు చూడండి. కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడితే అది ఉత్త బొమ్మ, తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అయిన స్క్రీన్ రీడర్‌కి అందులో ఒక్క అక్షరం కూడా దొరకదు. పాత అను ఫాంట్లలో టైప్ చేసినదైతే ఇంకా ఘోరం: కంటికి తెలుగే, లోపల మాత్రం ఏవేవో ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ, వింటే అంతా గోల. అందుకే యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు అక్షరాలు తెలుగుగానే ఉండే పద్ధతి), మామూలు వెబ్ పేజీగా పెట్టి, ఆ పేజీ భాష తెలుగు అని కోడ్‌లో రాయండి, లేకపోతే స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తడబడొచ్చు.

ఇక ఫారాలు. ప్రతి గడికీ లేబుల్ ఉండాలి. లేకపోతే "ఎడిట్, ఎడిట్" అనే వినిపిస్తుంది, ఆధార్ నంబర్ ఎక్కడ కొట్టాలో ఎలా తెలుస్తుంది? బొమ్మలోని అక్షరాలు చూసి కొట్టమనే క్యాప్చా ఒక్కటే పెట్టారంటే తలుపు మూసేసినట్టే. చూపు మందగించినవాళ్ల కోసం అక్షరాలకీ వెనక రంగుకీ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి (లేత బూడిద అక్షరాలు అందరికీ చిరాకే). 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా సమాచారం దివ్యాంగులకు అందుబాటులో ఉండే రూపంలో ఉండాలనే చెబుతోంది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితమే, విండోస్‌లో వేసుకుని, మౌస్ పక్కన పెట్టి, కళ్లు మూసుకుని మీ సైట్‌లోనే ఒక పింఛను దరఖాస్తు నింపి చూడండి.