విరిగితే నడిచి ఇంటికొస్తావా, కింద పడతావా?

ఒరేయ్ అల్లుడూ,

వాట్సాప్‌లో నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. నీ సైకిలు కోసం చైనా ఆన్‌లైన్ దుకాణాల్లో ఏరిన పద్నాలుగు వస్తువులు, అన్నీ కలిపి 168 డాలర్లు. ఇంకా డబ్బు కట్టలేదన్నావు కదా, ఇది పూర్తిగా చదివేదాకా కట్టకు. ఫోన్లో చెబితే మీటింగుల మధ్యలో సగం విని "సరే మావయ్యా" అనేస్తావని రాస్తున్నాను.

చైనా సరుకు కాబట్టి వద్దని నేను అనడం లేదు. పేరున్న కంపెనీల ఫ్రేములూ చక్రాలూ కూడా చాలావరకు అక్కడో తైవాన్‌లోనో తయారవుతాయి, నా సైకిలూ అంతే. తేడా ఎక్కడంటే, పేరున్న కంపెనీ ఒక భాగాన్ని అమ్మేముందు బరువు వేసి, వేలసార్లు వంచి, విరిగేదాకా పరీక్షిస్తుంది, దాని మీద తన పేరు వేసుకుంటుంది, ఏదైనా జరిగితే అడగడానికి మనకు ఒక మనిషి ఉంటాడు. నీ కార్టులో ఉన్న దుకాణాల పేర్లు చూశావా? ఏవో నాలుగు అక్షరాలు, పక్కన ఒక అంకె. ఆరు నెలల తర్వాత ఆ పేరుతో అక్కడ ఎవరైనా ఉంటారన్న నమ్మకం లేదు.

పెద్ద కంపెనీ సరుకు పాడవదని కూడా అనను. సైకిలు భాగాలు చేసే షిమానో వాళ్ల హోలోటెక్ క్రాంకులు (పెడల్‌ని పట్టుకుని తిరిగే కడ్డీలు), 2012 జూన్ నుంచి 2019 జూన్ దాకా తయారైన 11 స్పీడువి, అతికించిన చోట విడిపోతున్నాయని 2023 సెప్టెంబరులో వెనక్కి పిలిచారు. ఒక్క అమెరికాలోనే 6,80,000. కానీ పిలిచారు, దుకాణంలో ఉచితంగా పరీక్ష చేయించి, పాడైనవి మార్చారు. నీ క్రాంకు విడిపోతోందని పేరు లేని దుకాణంవాడు నీకు మెయిల్ పెడతాడా? అన్నట్టు నువ్వు కొన్నది సెకండ్‌హ్యాండ్ అల్టెగ్రా బండి, అంటే షిమానో భాగాలదే, అది ఆ కాలానిదే అనుకుంటాను. క్రాంకు లోపలి వైపు రెండక్షరాల కోడ్ ఉంటుంది, చూడు.

ఏ వస్తువు కొనాలన్నా నేను ఒకటే ప్రశ్న వేసుకుంటాను. తొక్కుతుండగా ఇది విరిగితే నేను సైకిలు తోసుకుంటూ ఇంటికొస్తానా, రోడ్డు మీద పడతానా? పడతాను అనిపిస్తే అది ఎంత చవకైనా అక్కడ కొనను.

ఇది నాకు 2016లో తెలిసొచ్చింది. పెద్ద కంపెనీ పేరు అచ్చేసిన కార్బన్ హ్యాండిల్ 38 డాలర్లకు దొరికింది. అసలుదైతే ఎంత లేదన్నా 200 పైనే. చేతికి తేలిగ్గా ఉంది, నిగనిగలాడుతోంది, నాలుగు నెలలు ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఒక ఆదివారం పొద్దున ఇక్కడ న్యూజెర్సీలో సోర్లాండ్ కొండల వైపు ఎక్కుతూ, నిలబడి హ్యాండిల్ లాగి తొక్కుతున్నాను. హ్యాండిల్‌ని సైకిలుకి పట్టి ఉంచే స్టెమ్ పక్కనే కుడివైపు ముక్క టప్పున విరిగి చేతిలోకి వచ్చేసింది. ముందు ఒక చప్పుడు గానీ, ఒక గీత గానీ లేవు. కాలర్‌బోన్ విరిగింది, మూడు నెలలు సైకిలు ముట్టుకోలేదు. ఎక్కేటప్పుడు కాబట్టి మెల్లగా ఉన్నాను. అదే కొండ దిగేటప్పుడు అయితే మీ అత్తయ్య ఏమైపోయేదో అని ఇప్పటికీ అనుకుంటాను. తర్వాత ఆ ముక్కలు తిప్పి చూస్తే లోపల కార్బన్ పొరలు ముడతలు పడి, మధ్యలో గాలి బుడగలు ఉన్నాయి. పైన పెయింటు, లోపల అది. అల్యూమినియం చాలావరకు విరిగేముందు వంగుతుంది, పగులు చూపిస్తుంది. కార్బన్ లోపల ఏం జరుగుతోందో మన కంటికి ఆనదు. అందుకే నీ కార్టులోంచి ఆ 34 డాలర్ల హ్యాండిల్ ముందు తీసెయ్. దాంతోపాటు స్టెమ్, సీటు పోస్టు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఎప్పుడైనా మార్చాలనుకుంటే అదీ. నీకు బరువు తగ్గించాలని ఉంటే మంచి అల్యూమినియం హ్యాండిల్ మీ ఊరి షాపులో కొను, 50, 60 డాలర్లకు వస్తుంది.

స్టెమ్‌కి వేసే రంగురంగుల టైటానియం బోల్టులు కూడా పెట్టావు. నాలుగు బోల్టుల మీద నీ ముందు భాగమంతా ఆగుతుందిరా, అవి కూడా వద్దు.

బ్రేకు ప్యాడ్లు నాలుగు జతలు 9 డాలర్లు అని మురిసిపోయావు. ప్యాడ్‌లో రాపిడినిచ్చే పదార్థాన్ని ఇనుప రేకుకి అతికిస్తారు, ఆ అతుకు బాగోలేకపోతే వేడెక్కినప్పుడు ఊడొస్తుంది. నాతో తొక్కే ఒకాయనకి వెనక చక్రం దగ్గర సరిగ్గా అదే జరిగింది, ముందు బ్రేకు ఉంది కాబట్టి ఆగాడు. డాలస్‌లో కొండలు లేవుగా అంటావేమో, కొండే అక్కర్లేదు, సిగ్నల్ దగ్గర కారు అడ్డం తిరిగితే చాలు. డిస్కు, బ్రేకు వైరు ఏది మార్చాలన్నా ఇదే లెక్క. బ్రేకు నూనె మార్చే బ్లీడ్ కిట్ మాత్రం కొనుక్కో, అందులో సిరంజీలూ గొట్టాలే కదా. కాకపోతే దాంతో వచ్చే నూనె వాడొద్దు. నీ షిమానో బ్రేకులకి మినరల్ ఆయిల్ పోయాలి, పొరపాటున కార్ల బ్రేకుల్లో పోసే డాట్ ఫ్లూయిడ్ పడితే లోపలి సీళ్లు పాడైపోతాయి. సీసా మీద ఏం రాసి ఉన్నా లోపల ఏముందో నీకు తెలీదు.

చైను సంగతికొస్తే, 13 డాలర్లకి షిమానో 11 స్పీడు చైను అంటే నకిలీ అనే అనుకో. నిలబడి బలమంతా వేసి తొక్కుతున్నప్పుడు చైను తెగితే మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుని పడతావు. చైను, దాని కొసల్ని కలిపే క్విక్ లింకు, రెండూ బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే కొను. పెడల్స్ కూడా ఇలాంటివే, ఇరుసు విరిగితే పాదం నేలకి తగులుతుంది.

హెల్మెట్ 19 డాలర్లది పెట్టావు చూడు, నాకు కోపం వచ్చింది అక్కడే. 1999 మార్చి తర్వాత తయారై ఈ దేశంలో అమ్మే ప్రతి సైకిల్ హెల్మెట్‌కీ సీపీఎస్‌సీ (వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) పరీక్ష నెగ్గాలన్న చట్టం ఉంది. ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కొన్ని పరీక్షకు నిలబడటం లేదని ఆ సంస్థే మళ్లీ మళ్లీ హెచ్చరిస్తోంది. స్టిక్కర్ ఎవరైనా అతికిస్తారు. ఇక్కడ షాపుల్లో 40, 50 డాలర్లకే సరైన హెల్మెట్ వస్తుంది, తల మీద పెట్టుకుని చూసి తెచ్చుకో.

ముందు లైటు బ్యాటరీ 9900 ఎంఏహెచ్ అని రాశాడు, పక్కన 18650 సెల్ (టార్చిలైట్లలో వేసే వేలంత లిథియం సెల్) ఒక్కటే అన్నాడు. ఆ సైజు సెల్‌లో నిజంగా పట్టేది 3500 అటూ ఇటూగా. అంకె దగ్గరే అబద్ధం చెప్పినవాడు చార్జింగ్ సర్క్యూట్ దగ్గర నిజాయితీగా ఉంటాడా? నువ్వేమో దాన్ని రాత్రంతా బెడ్‌రూంలో చార్జింగ్ పెడతావు. ఈ లిథియం బ్యాటరీల మంటలు భరించలేకే న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి యూఎల్ అనే భద్రతా ప్రమాణం లేని ఈ-బైకులూ వాటి బ్యాటరీలూ అమ్మడాన్ని నిషేధించింది.

మిగతావి కొనుక్కో. బాటిల్ స్టాండు, హ్యాండిల్ టేపు, మడ్‌గార్డులు, బెల్లు, సీటు కింద సంచి, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లివర్లు, అన్నీ బాగుంటాయి, నా దగ్గరున్నవీ అవే. గేరు మార్చే డిరైలర్‌ని ఫ్రేముకి పట్టించే హ్యాంగర్లు రెండు తీసుకో, నీ ఫ్రేముకి సరిపోయే ఆకారం ఫొటోతో పోల్చి చూసుకుని. ట్యూబులు పర్వాలేదు, టైర్లు వద్దు. ఆలెన్ కీలు మాత్రం చవకవి తీసుకోకు, మెత్తటి ఇనుము బోల్టు తలని గుండ్రంగా అరగదీస్తుంది, తర్వాత ఆ బోల్టు తీయడానికి నీకు చుక్కలు కనిపిస్తాయి.

ఇంకొకటి, చవక అనేది కూడా ఇదివరకటి లెక్క. 2025 మే నుంచి చైనా పార్సెళ్లకి 800 డాలర్ల లోపు సుంకం లేదన్న వెసులుబాటు తీసేశారు, ఆగస్టు నుంచి మిగతా దేశాలకీ లేదు. డబ్బు కట్టేముందు సుంకం కలిపారా లేదా చూసి, అప్పుడు షాపు ధరతో పోల్చు.

ఈ శనివారం వైట్ రాక్ లేక్ చుట్టూ తొక్కుతానన్నావు. అప్పటికి చైను మార్చకపోయినా ఫరవాలేదు, పాత హ్యాండిల్‌తోనే వెళ్లు. రాత్రికి క్రాంకు లోపలి వైపు ఫొటో, కోడ్ స్పష్టంగా కనిపించేలా తీసి పంపు, నేను చూసి చెబుతాను. అది వచ్చేదాకా మేలుకునే ఉంటాను.

మీ మావయ్య