పెళ్ళి లేకుండా దాత వీర్యంతో బిడ్డను కంటే, నాన్న లేని లోటు ఉంటుందా?

మీకు 36 ఏళ్ళు, హైదరాబాదులో ఉద్యోగం, పెళ్ళి ఆలోచన లేదు. ఇంట్లో మాత్రం "తండ్రి లేని పిల్లని కంటావా" అంటున్నారు. నాకు తెలిసినంతలో జవాబు ఇదండీ: నాన్న లేకపోయినా బిడ్డ చక్కగా పెరుగుతుంది. మీరు తప్ప ఇంకో పెద్ద దిక్కు లేకపోతేనే కష్టం.

బ్రిటన్‌లో 1990 నాటి చట్టం, చికిత్స మొదలుపెట్టే ముందు పుట్టబోయే బిడ్డకు తండ్రి అవసరం గురించి కూడా ఆలోచించమని క్లినిక్‌లకు చెప్పింది. 2008 సవరణలో ఆ మాట తీసేసి, అండగా ఉండే పెంపకం దొరుకుతుందా అన్నది చూడమన్నారు. కేంబ్రిడ్జ్‌లో సుసాన్ గోలంబోక్ అనే మనస్తత్వ పరిశోధకురాలి బృందం ఒంటరి తల్లులకు ఇలా పుట్టిన పిల్లల్ని, తల్లీతండ్రీ ఉన్న ఇళ్ళలో ఇదే పద్ధతిలో పుట్టినవాళ్ళతో పోల్చి చూసింది. పిల్లల మనస్తత్వంలో తేడా కనిపించలేదు. ఇబ్బంది ఎక్కువగా కనిపించింది డబ్బుకు కటకటగా ఉన్న ఇళ్ళలో. విడాకులైన ఇళ్ళ పిల్లల్ని చూపించి భయపెట్టేవాళ్ళు ఒకటి మర్చిపోతారు. ఆ పిల్లలు ఏళ్ళ తరబడి గొడవలు చూసినవాళ్ళు, ఉన్న మనిషి వెళ్ళిపోతే చూసినవాళ్ళు.

అసలు దెబ్బ తగిలేది అబద్ధం దగ్గర. "నాన్న అమెరికాలో ఉన్నాడు", "దేవుడి దగ్గరికి వెళ్ళాడు" అని మొదలుపెడితే పదమూడో ఏట అది బయటపడుతుంది, పైగా మీ నోటి నుంచి కాదు, ఏ పెళ్ళిలోనో ఏ పిన్నిగారి నోటి నుంచో. నాలుగైదేళ్ళ లోపే చెప్పండి: "నాకు నువ్వు కావాలనిపించింది. బిడ్డ పుట్టాలంటే అమ్మ దగ్గరున్న అండానికి మగవాళ్ళ దగ్గరుండే విత్తనం కలవాలి. ఒకాయన ఆసుపత్రికి ఇచ్చాడు, డాక్టరు కలిపారు." ఆయన్ని "దాత" అనండి, "నాన్న" అనకండి. లేకపోతే బిడ్డ ఆయన కోసం ఎదురుచూస్తుంది. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ తర్వాత దానమిచ్చినవారి వివరాలు బిడ్డ 18 ఏళ్ళకు అడిగి తెలుసుకోవచ్చు. మన దగ్గర దాత పేరు బయటికి రాదు, ఆ సంగతీ దాచకుండా చెప్పాలి.

మన 2021 ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్, దాత వీర్యం లాంటి సంతాన చికిత్సల చట్టం) ప్రకారం 21 నుంచి 50 ఏళ్ళ స్త్రీ ఒంటరిగానే చికిత్స తీసుకోవచ్చు. సరొగసీ (మీ బిడ్డను ఇంకో స్త్రీ కడుపులో మోయించడం) మాత్రం 35 నుంచి 45 ఏళ్ళ మధ్య వితంతువుకో, విడాకులు తీసుకున్నామెకో తప్ప ఒంటరి స్త్రీకి లేదు, కాబట్టి గర్భాశయం సంగతి ముందే చూపించుకోండి. స్నేహితుడి నమూనా తెస్తానంటే కుదరదు, రిజిస్టరైన బ్యాంకు నుంచే రావాలి. దాతకు బిడ్డ మీద హక్కులేమీ ఉండవు. బ్యాంకువాళ్ళు చూపించే కాగితంలో అందరూ ఎత్తూ రంగూ చూస్తారు. మీరు ముందు తలసీమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తహీనత జబ్బు) కోసం హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేయించుకోండి. మీరు క్యారియర్ అయితే, అంటే జబ్బు లేకున్నా దాని జన్యువు మీలో ఉంటే, దాతకు కూడా ఆ పరీక్ష చేసిన రిపోర్టు అడగాలి. మీది నెగటివ్ గ్రూపు అయితే నెగటివ్ దాతను అడగండి. దొరక్కపోతే మీ శరీరం బిడ్డ రక్తానికి ఎదురు తిరగకుండా 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్ ఉంటుంది.

కాగితాల్లో చిక్కంతా ప్రసూతి ఆసుపత్రి అడ్మిషన్ ఫారంలో "భర్త పేరు" గడి దగ్గర మొదలవుతుంది. ఖాళీగా వదిలితే ఏ గుమాస్తానో మీ నాన్నగారి పేరు రాసేస్తాడు, అదే జనన ధ్రువపత్రంలో తండ్రి గడిలోకి ఎక్కుతుంది. 2023 అక్టోబర్ నుంచి పుట్టిన పిల్లలకు బడికీ పాస్‌పోర్టుకూ ఆ పత్రమే ఆధారం, కాబట్టి తప్పు అన్నింట్లోకీ పాకుతుంది. ఏడో నెలలోనే "ఒంటరి తల్లి, తండ్రి పేరు రాయవద్దు" అని ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. పెళ్ళికాని తల్లి తండ్రి పేరు చెప్పనక్కర్లేదని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది. పాస్‌పోర్టుకు 2016 నుంచి, పాన్‌కు 2018 నుంచి తల్లి పేరొక్కటి చాలు.

గోత్రం అడిగితే తాతగారిది చెప్పండి. చెవులు కుట్టించేటప్పుడు ఎలాగూ మేనమామ ఒళ్ళోనే కూర్చోబెడతాం.

ఆ మేనమామ నిజంగా ఉన్నాడా, అర్ధరాత్రి ఫోన్ చేస్తే అరగంటలో వస్తాడా? ముందు తేల్చుకోవాల్సింది అదే. అమ్మానాన్నలను లెక్కలోకి తీసుకోకండి, బిడ్డకు పదేళ్ళు వచ్చేసరికి వాళ్ళు డెబ్భై దాటతారు. మీ వయసు తోబుట్టువో స్నేహితురాలో ఒప్పుకుంటే, చికిత్సకు ముందే కూర్చుని మాట్లాడండి. బిడ్డ పుట్టగానే వీలునామాలో ఆ మనిషిని గార్డియన్‌గా రాసి ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించండి. టర్మ్ ఇన్సూరెన్స్ బిడ్డకు పాతికేళ్ళు వచ్చేదాకా ఉండేలా తీసుకోండి. నామినీ మైనరు కాబట్టి అపాయింటీ (బిడ్డ తరఫున డబ్బు అందుకునే పెద్ద మనిషి) గడి కూడా నింపాలి, చాలామంది దాన్నే ఖాళీగా వదిలేస్తారు.