మొప్పలు కరుస్తాయా, రెక్కలు కొరుకుతాయా?

సందేహం: మా దుకాణంలో పంచడానికి టైగర్ బార్బ్ అనే అక్వేరియం చేప పెంపకంపై కరపత్రం రాశాను. ‘ఇవి తోటి చేపల మొప్పలు కరుస్తాయి, కాబట్టి ఒకటి రెండే వేసుకోండి’ అన్న వాక్యం సరైనదేనా?

సమాధానం: రెండు మాటలు మార్చాలి. సలహా అయితే పూర్తిగా తిరగేయాలి.

మొప్పలు చేప ఊపిరి తీసుకునే అవయవాలు. తలకు ఇరుపక్కలా మూతల కింద ఎర్రగా ఉంటాయి. టైగర్ బార్బ్ కొరికేది వాటిని కాదు, ఈదడానికి పనికొచ్చే పలచని పొరలను. పాఠ్యపుస్తకాల్లో వీటిని వాజాలంటారు, వాడుకలో రెక్కలు. కరపత్రానికి తోక రెక్క, వీపు రెక్క చాలు. పుచ్ఛవాజం, పృష్ఠవాజం పరీక్షలకు వదిలేద్దాం. ఈ పొరపాటు చేపకూ చేటే. మొప్పలకు ఇబ్బంది కలిగితే చేప నీటిపైకొచ్చి నోరు తెరుస్తుంటుంది, అప్పుడు ముందు చూడాల్సింది నీటిలో అమ్మోనియా పెరిగిందా అని. రెక్క అంచున గంటు పడితే పక్క చేపను అనుమానించాలి. అంచు తెల్లబడి పీలికలవుతుంటే అది రెక్కకుళ్లు జబ్బు.

కుక్క కరుస్తుంది, అంటే పళ్లు దిగేస్తుంది. అంచు నుంచి ముక్క తీస్తే కొరకడం: జామకాయ కొరుకుతాం. ఇక్కడ కావలసింది అదే. ‘గిల్లుతాయి’ అని కొందరు రాస్తున్నారు గానీ గిల్లడం గోటిపని.

అసలు కీలకం క్రియకు ‘కొను’ చేరినప్పుడుంది. ‘కొరుకుతాయి’ అంటే ఇతరులను, ‘కొరుక్కుంటాయి’ అంటే తమలో తాము. టైగర్ బార్బ్ గుంపు చేప, గుంపులో పెద్దరికం కోసం ఒకదాన్నొకటి తరుముకుంటుంది. ఒకటి రెండే ఉంటే ఆ తగువు పక్క జాతి మీదికి మళ్లుతుంది. ఎనిమిదీ పదీ ఉంటే ఎక్కువగా వాటిలోనే తేలిపోతుంది. ‘తేలిపోతుంది’ అన్నాను గానీ ‘మానేస్తాయి’ అనలేదు: పొడవాటి రెక్కలు ఊగుతూ నెమ్మదిగా కదిలే చేపను ఎంత పెద్ద గుంపైనా వదలదు.

వాక్యాన్ని ఇలా మార్చండి:

‘టైగర్ బార్బ్‌లు తక్కువగా ఉంటే తోటి చేపల రెక్కలు కొరుకుతాయి, ఎక్కువగా ఉంటే తమలో తాము కొరుక్కుంటాయి. అందుచేత కనీసం ఎనిమిదింటిని, వంద లీటర్లకు తగ్గని తొట్టిలో, 23–26 డిగ్రీల నీటిలో పెంచండి. ఏంజెల్, ఫైటర్, గప్పీ, గౌరామీలతో కలపకండి. చురుకైన జీబ్రా డానియోలతో కలపవచ్చు. రెక్క తెగిన చేపను వేరే తొట్టికి మార్చండి. నీరు శుభ్రంగా ఉంటే రెక్క మళ్లీ పెరుగుతుంది.’

‘పెరుగుతుంది’ బదులు ‘మొలుస్తుంది’ అనకండి. మొదలు మిగిలి ఉంది కదా.