ఊరుకుంటే రూల్ ఉండాలా, పోవాలా?

ప్రశ్న: అమెరికాలో చట్టాలు చేసేది కాంగ్రెస్ కదా, మరి కంపెనీల నెత్తిన కోట్ల డాలర్ల ఖర్చు పెట్టే రూల్స్ అధికారులు ఎలా తెస్తున్నారు? కాంగ్రెస్ ఆపలేదా? ‘రీన్స్ యాక్ట్’ అంటే ఏమిటి?

జవాబు: ఆపగలదండీ, కాకపోతే వినడానికి ఉన్నంత తేలిక కాదు. గాలి శుభ్రంగా ఉండాలని కాంగ్రెస్ చట్టం చేస్తుంది, ఏ పొగగొట్టంలోంచి ఎంత పొగ రావచ్చో తేల్చే పని ఈపీఏ అనే ప్రభుత్వ పర్యావరణ ఏజెన్సీకి వదిలేస్తుంది, ఖర్చు మొదలయ్యేది ఆ లెక్క తేలాకే.

1996 నాటి కాంగ్రెషనల్ రివ్యూ యాక్ట్ ప్రకారం కొత్త రూల్స్‌ని ఏజెన్సీలు ఉభయ సభలకూ పంపాలి. ఆర్థిక వ్యవస్థ మీద ఏడాదికి 10 కోట్ల డాలర్లు, ఆపైన ప్రభావం ఉంటే అది ‘మేజర్ రూల్’. (ప్రభావమంటే ఖర్చొక్కటే కాదు, లాభం అంత ఉన్నా మేజరే. ఈ సంగతి చాలామంది చెప్పరు.) రెండు సభలూ వద్దని తీర్మానించి, ప్రెసిడెంట్ సంతకం పెడితే రూల్ పోతుంది. మెలికంతా ఆ సంతకంలోనే ఉంది. తన అధికారులు తెచ్చిన రూల్‌ని తనే ఎందుకు కొట్టేస్తాడు? వీటో చేస్తాడు, దాన్ని దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి.

అందుకే ఈ చట్టం పనిచేసేది ఎక్కువగా ప్రభుత్వం మారిన కొత్తలోనే. పనిచోట బరువులెత్తి, చేసిందే చేసి నడుములు, మణికట్లు పాడయ్యే కార్మికుల కోసం క్లింటన్ చివరి రోజుల్లో ఒక రూల్ వచ్చింది, 2001లో బుష్ వచ్చిన రెండు నెలలకే దాన్ని తీసేశారు. అలా పోయిన రూల్‌ని కాస్త అటూఇటూ మార్చి మళ్లీ తెద్దామన్నా కుదరదు, కాంగ్రెస్ కొత్త చట్టం చేస్తే తప్ప. ఆ తర్వాత 2017లో ట్రంప్ వచ్చేదాకా ఇంకొక్క రూల్ కూడా ఇలా పోలేదు, అప్పుడు మాత్రం వరసపెట్టి పోయాయి.

ఇక రీన్స్ యాక్ట్ అన్నది ఇంకా బిల్లే, పేరుకి అర్థమే కళ్లెం. ఇప్పుడున్న పద్ధతి మౌనం అర్ధాంగీకారం, కాంగ్రెస్ నోరు మెదపకపోతే రూల్ అమలైపోతుంది. రీన్స్ దీన్ని తిరగేస్తుంది, రెండు సభలూ సరేనంటేనే మేజర్ రూల్ బతుకుతుంది. 2011 నుంచి ప్రతినిధుల సభలో చాలాసార్లు నెగ్గినా సెనేట్ గడప దగ్గరే ఆగిపోతూ వచ్చింది.

ఓటేసి గెలిపించినవాళ్లు బాధ్యత తీసుకోవాలన్న వాదన నాకూ నచ్చుతుంది. కానీ బడ్జెట్టే టైముకి పాస్ చేయలేక ఆఫీసులు మూతపడేదాకా తెచ్చుకునే కాంగ్రెస్ అది! రీన్స్ వస్తే ప్రతి మేజర్ రూల్‌కీ వాళ్లే సరేననాలి, మెడికేర్ (ముఖ్యంగా పెద్దవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) కింద డాక్టర్లకు ఎంత చెల్లించాలో ఏటా తేల్చేది కూడా మేజర్ రూలే మరి.