టెక్ సందేహాలు: తేమ 99.9 దగ్గరే ఆగిపోయింది

ప్రశ్న: నమస్తే సార్. మాది మలేసియాలో పేరాక్ రాష్ట్రం, తెలుక్ ఇంతాన్. తాతల కాలంలో తోటల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబం. స్విఫ్ట్‌లెట్ పిట్టల కోసం మూడంతస్తుల ఇల్లు కట్టాం. ఈఎస్‌పీ 32 బోర్డు (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న కంప్యూటర్), అంతస్తుకో తేమ, వేడి కొలిచే డీహెచ్‌టీ 22 సెన్సర్, రిలే (బోర్డు నడిపే స్విచ్)తో ఫాగర్లు (నీటిని సన్నటి పొగమంచులా చిమ్మేవి) నేనే బిగించాను. నాలుగు నెలలు బాగానే నడిచింది. ఇప్పుడు పై అంతస్తులో రాత్రీ పగలూ తేమ 99.9 శాతమే చూపిస్తోంది, ఫాగర్ ఆన్ కావడం లేదు. కొన్ని గూళ్లు పలకల నుంచి ఊడి కింద పడ్డాయి. కోడ్‌లో తప్పుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తప్పు కోడ్‌లో లేదు. సెన్సర్ తడిసి మొద్దుబారింది. నిజంగా నూటికి నూరు తేమ ఉంటే గూళ్లు ఎండి ఊడిపోవు కదా!

మిగతా పాఠకులకు రెండు మాటలు. ఈ పిట్టలు తమ లాలాజలంతోనే గూడు కడతాయి. ఆ గూళ్లను చైనీయులు సూప్ చేసుకోవడానికి మంచి ధర పెట్టి కొంటారు. ఇది కోళ్లఫారం లాంటిది కాదు, పిట్టలు పొద్దున్నే బయటికెళ్లి పురుగులు తిని సాయంత్రానికి వస్తాయి. నచ్చకపోతే రావు. అందుకే ఇంటిని గుహలా ఉంచాలి: చీకటి, 27 నుంచి 29 డిగ్రీల వేడి, 80 నుంచి 90 శాతం తేమ. తేమ తగ్గితే గూడు పెళుసెక్కి పలకను వదిలేస్తుంది. మితిమీరితే చెక్కకు బూజు పడుతుంది.

ఇక మీ సెన్సర్ సంగతి. 28 డిగ్రీల దగ్గర 90 శాతం తేమ ఉన్న గాలి రెండు డిగ్రీలు చల్లబడితే చాలు, నీరు కడుతుంది. తెల్లవారుజామున వాన పడిందంటే మీ సెన్సర్ మీద చెమ్మ చేరినట్టే. దానికి తోడు రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు. లోపలి పల్చటి పొర వీటిని పీల్చుకుని చివరికి 99.9 దగ్గర బిగుసుకుపోతుంది. మా బంధువుల పుట్టగొడుగుల షెడ్డులో ఇదే జరిగితే నేనూ రెండు రోజులు కోడ్‌తో కుస్తీ పట్టినవాణ్నే.

ముందు ఉప్పు పరీక్ష చేయండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా చుక్కచుక్కగా నీళ్లు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు. దాన్నీ సెన్సర్‌నూ ఒకదానికొకటి తగలకుండా జిప్ కవర్లో పెట్టి, గాలి చొరకుండా మూసి, రాత్రంతా నీడన వదిలేయండి. పొద్దున 75 చూపించాలి. రెండు మూడు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. 90 దాటి చూపిస్తే మాత్రం పోయినట్టే. 50-60 డిగ్రీల పొడి వేడిలో రెండు గంటలు ఉంచి, ఆ తర్వాత మామూలు వేడిలో, 70 శాతం పైన తేమలో ఐదు గంటలు ఉంచితే కొన్నిసార్లు తేరుకుంటుంది. నన్నడిగితే అది తాత్కాలికమే. చెమ్మను ఆరబెట్టుకునే చిన్న హీటర్ లోపలే ఉన్న ఎస్‌హెచ్‌టీ 31 రకం, అదీ రక్షణ పొర ఉన్నది, కొనండి. వైరు పొడవు పది మీటర్లు దాటేట్టయితే ఆర్‌ఎస్ 485 (పొడవాటి వైర్లలోనూ సిగ్నల్ చెడకుండా పంపే పద్ధతి)తో వచ్చేవి చూడండి. సెన్సర్‌ను గూళ్ల ఎత్తులో వేలాడదీయండి, ఫాగర్ పొగ నేరుగా తగలకూడదు.

అసలు తగవు ఇంకోటుంది. ఊడిపోయింది పై అంతస్తులోనే అన్నారు. మధ్యాహ్నం అక్కడ వేడి ఎంతో చూశారా? 28 డిగ్రీల దగ్గర 90 శాతం తేమ ఉన్న గాలినే 32కి వేడి చేస్తే, ఒక్క చుక్క నీరు బయటికి పోకపోయినా, తేమ దాదాపు 71కి పడిపోతుంది. అంటే మీ పైకప్పు తేమను తినేస్తోంది. రేకులకు ఇన్సులేషన్ వేయించండి, కప్పుకీ పై అంతస్తుకీ మధ్య గాలి ఆడే ఖాళీ ఉంచండి. ఆ పని చేయకుండా ఫాగర్లు పెంచుకుంటూ పోతే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే, పైగా పలకలు తడిసి బూజు.

రిలే ఒకే అంకె దగ్గర ఆన్, ఆఫ్ అయ్యేలా రాసి ఉంటే అది కూడా మార్చండి. 82కి ఆన్, 88కి ఆఫ్ చాలు. కోడ్‌లో మరో రెండు లైన్లు చేర్చండి: ఆరు గంటలపాటు అంకె కదలకపోతే ఫోన్‌కి మెసేజ్ రావాలి, ఫాగర్ టైమర్ మీదకు మారాలి.

ప్రశ్న: అదే ఇంట్లో కెమెరా పెడితే పిట్టలు బెదురుతాయా?

జవాబు: చీకట్లో దారి కోసం అవి టిక్ టిక్ అని శబ్దం చేస్తూ ఆ ప్రతిధ్వని విని ఎగురుతాయి, వాటికి వెలుతురు అక్కర్లేదు. ఇన్‌ఫ్రారెడ్ (చీకట్లోనూ చూసే) కెమెరా పెట్టండి. 850 నానోమీటర్ల లైట్లు సన్నగా ఎర్రగా కనబడతాయి, 940 వాటితో ఆ బాధ లేదు. వాటితో దూరం కొంచెం తక్కువ కనబడుతుంది, అంతే.

ప్రశ్న: కాకినాడలో మాకు ఖాళీగా ఉన్న పాత గోడౌన్ ఉంది. తేమకు కొదవలేదు. ఈ వ్యాపారం పెట్టొచ్చా?

జవాబు: వద్దండి. తినే గూడు కట్టే ఆ జాతి మన దేశంలో ఉన్నది అండమాన్ నికోబార్ దీవుల్లో. అక్కడ కూడా గుహల్లో గూళ్ల దొంగతనంతో పిట్టలు తగ్గిపోతుంటే, అటవీ శాఖ, కోయంబత్తూరులోని సలీం అలీ పక్షి పరిశోధన కేంద్రం కలిసి కాపాడే పని చేశాయి. రాని పిట్టకు ఎంత మంచి సెన్సర్ పెట్టి ఏం లాభం? తేమతోనే పని చేయాలని ఉంటే ఆయిస్టర్ పుట్టగొడుగులు వేయండి. వాటికీ 80-90 శాతమే కావాలి, పైగా అవి ఎగిరిపోవు.