సింగరేణి బొగ్గు గనిలో కొత్తగా చేరేవారికి భద్రతా శిక్షణలో ఏమి నేర్పుతారు?

గనుల చట్టం, 1952 కింద 1966లో రూపొందిన వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం కొత్త కార్మికుడికి పని అప్పగించే ముందు ప్రాథమిక శిక్షణ ఇవ్వాలి. సింగరేణిలో దీన్ని ఎంవీటీసీలుగా (మైన్స్ వొకేషనల్ ట్రైనింగ్ సెంటర్లు) పిలిచే శిక్షణ కేంద్రాలు నిర్వహిస్తాయి.

భూగర్భ గనిలో అన్నిటికన్నా ముందు నేర్వవలసినది తల మీది రాతి పైకప్పును పరీక్షించడం. కడ్డీతో తట్టినప్పుడు గట్టి రాయి ఖంగుమని మోగుతుంది, పొరలు విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. అది వినిపించిన వెంటనే వెనక్కి వచ్చి, పనిచోట భద్రత చూసే మైనింగ్ సర్దారుకు చెప్పాలి, ఆసరా లేని కప్పు కిందికి ఎవరు పంపినా వెళ్లకూడదు.

తరువాతిది వాయువుల సంగతి. మీథేన్ గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు. అందుకే నడుముకు కట్టుకునే సెల్ఫ్ రెస్క్యూయర్‌ను (విషవాయువుల నుంచి కాపాడే శ్వాస పరికరం) పొగలో, చీకటిలో తడుముకోకుండా ధరించగలిగేలా సాధన చేయించాలి; బొమ్మ చూపించి సరిపెట్టడం శిక్షణ కాదని నా గట్టి అభిప్రాయం. 2003 జూన్‌లో గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది మరణించారు. బయటపడే దారులు ప్రతి కార్మికుడికీ కంఠస్థం కావలసిన అవసరాన్ని ఇటువంటి ప్రమాదాలే చెబుతున్నాయి.

నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలోనైతే డంపర్ డ్రైవరుకు కనిపించని చోట్లు ముఖ్యం. కాంట్రాక్టు కార్మికులకూ ఈ శిక్షణ తప్పనిసరే.