గాయమైతే డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్) క్రీడాకారిణికి జీతం ఆగిపోతుందా?

తన జట్టుకు ఆడుతూ గాయపడితే సాధారణంగా ఆ సీజన్ జీతం ఆగదు. వేరే క్లబ్‌కు ఆడుతూ గాయపడితే ఆ హామీ ఉండదు. పర్లాకిమిడి, రాయగడ వైపు టోర్నమెంట్లు ఆడే మన అమ్మాయిలకు కాంట్రాక్టనేదే ఉండదు కాబట్టి, ప్రొఫెషనల్ అయితే ఇక టెన్షన్ లేదనిపిస్తుంది. అంత తేలిక కాదు.

అమెరికాలో వాళ్ల సీజన్ ఏడాదిలో కొన్ని నెలలే. ఆ జీతం చాలక చాలామంది మిగతా నెలల్లో రష్యా, టర్కీ, చైనా క్లబ్బులకు వెళ్లేవారు. డబ్బు వచ్చేది, విశ్రాంతి పోయేది. 2018లో ఎంవీపీ (సీజన్ ఉత్తమ క్రీడాకారిణి) అయిన బ్రియానా స్టువర్ట్‌కు 2019 ఏప్రిల్‌లో రష్యా క్లబ్ తరఫున ఆడుతుండగా మడమ వెనకుండే అకిలీస్ టెండన్ తెగింది. ఆ ఏటి డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ మొత్తం పోయింది. లీగ్ ఆమెను రాయబారిగా పెట్టుకుని డబ్బిచ్చింది గానీ, అది అంత పేరున్న ఆటగత్తెకు కాబట్టే (మామూలు ఆటగత్తెను ఎవరు పట్టించుకుంటారు?). అప్పట్లో డబ్ల్యూఎన్‌బీఏలో సీజన్‌కు గరిష్ఠ మూల వేతనం సుమారు 1,17,500 డాలర్లు. లీగ్‌కూ ఆటగత్తెల సంఘానికీ కుదిరిన 2020 ఒప్పందంతో 2,15,000 అయింది.

ఆడవాళ్లకు గాయాలెక్కువ కాబట్టే జీతం తక్కువని చాలామంది అనుకుంటారు. మోకాలి ఏసీఎల్ (కీలును పట్టి ఉంచే ఒక స్నాయువు) తెగే ముప్పు మగవాళ్లకన్నా వాళ్లకు ఎక్కువన్నది నిజమే. జీతానికీ దానికీ సంబంధం లేదు. టీవీ హక్కులు, టికెట్లు, స్పాన్సర్ల నుంచి లీగ్‌కు వచ్చే ఆదాయం, అందులో ఆటగాళ్లకు దక్కే వాటా, ఈ రెండే జీతాన్ని తేలుస్తాయి. మగవాళ్ల ఎన్‌బీఏలో ఆ వాటా దాదాపు సగం.